ముందు కూర్చోవలసిన మనిషి

శ్రీ వేదవల్లి సిల్క్స్‌లో పొద్దు మొదలయ్యేది "గుడ్ మార్నింగ్ సార్" అన్న పాటతో. అద్దాల తలుపు తెరిచి, దేవుడి పటానికి సాంబ్రాణి వేసి, చీరలు చూపించే ఆడవాళ్ళంతా వరసగా నిలబడాలి. ఎదురుగా మొదలాళి కొడుకు, అంటే కొట్టు యజమాని కొడుకు, రోహన్ చేతులు కట్టుకుని నిలబడతాడు. అతనికి ముప్ఫై దాటాయి. వరసలో సగం మందికి ఇంచుమించు అతని వయసు బిడ్డలున్నారు. వాళ్ళంతా ఒకే గొంతుతో, బళ్ళో చెప్పినట్టు సాగదీసి చెప్పాలి. సాగదీయకపోతే రోహన్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని "వినబడలా" అంటాడు. మళ్ళీ చెప్పాలి.

మంగళ ఈ కొట్లో చేరినప్పుడు తలుపుకి అద్దాలు లేవు, ఈ పాటా లేదు. నేలంతా పరుపులు వేసి తెల్లదుప్పట్లు పరిచి ఉండేవి. చీరలు చూపించేవాళ్ళు వాటిమీద కూర్చునేవాళ్ళు, కొనేవాళ్ళు చెప్పులు విడిచి వాళ్ళకెదురుగా కూర్చునేవాళ్ళు. రోహన్ చదువు ముగించుకుని వచ్చాక పరుపులు పోయి గాజు కౌంటర్లొచ్చాయి. కొనేవాళ్ళకి ఎత్తు కుర్చీలొచ్చాయి. చూపించేవాళ్ళకి నిలబడడం వచ్చింది. గోడకి అందరి పేర్లతో ఒక అట్ట వేలాడగట్టాడు. బాగా అమ్మినవాళ్ళ పేరు పక్కన బంగారు రంగు నక్షత్రం అంటిస్తాడు. బాత్రూముకి పోవాలంటే మేకుకి తగిలించిన చెక్కబిళ్ళ మెళ్ళో వేసుకుని పోవాలి. బిళ్ళ ఒకటే. అది ఒకరి మెళ్ళో ఉంటే తక్కినవాళ్ళు బిగబట్టుకోవాల్సిందే.

వీళ్ళందరినీ కలిపి ఆ కొట్లో "పిల్లలు" అంటారు. "పై అంతస్తుకి నలుగురు పిల్లల్ని పంపించు" అని సూపర్‌వైజర్ వెట్రివేల్‌కి ఫోనొస్తే, పైకి ఎక్కేవాళ్ళలో నలభై దాటనివాళ్ళు ఉండరు. మోకాళ్ళు పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కుతారు.

ఆ సోమవారం మధ్యాహ్నం జనం పలచబడ్డాక, తిలగం కౌంటరు వెనక ఉన్న ఖాళీ అట్టపెట్టెని బోర్లించి దాని అంచుమీద కూర్చుంది. మొత్తం కూర్చోలేదు, బరువు సగం కాళ్ళమీదే ఉంచుకుంది. తిలగానికి యాభై అయిదు దాటాయి. ఊరికి దూరంగా ఉన్న కిరుమాంబాక్కం నుంచి బస్సులో వస్తుంది. కడలూరు రోడ్డు బస్సులో ఆ వేళకి సీటు దొరకదు, అక్కడా నిలబడే వస్తుంది. ఆమె పిక్కలమీద నరాలు ముడులు పడి నీలంగా ఉబ్బి ఉంటాయి. వెండి పట్టీలు వేసుకునేది, వాపుకి కోసుకుపోతుంటే తీసి పెట్టేసింది.

మంగళ పక్క కౌంటర్లో ఒక పెళ్ళివారికి చీరలు విప్పుతోంది. పట్టుచీర విప్పడం బలంతో పనిలేని పని, కానీ చెయ్యి తెలిసి ఉండాలి. మడత అంచు బొటనవేలితో పట్టి ఒక్క విసురుతో కొంగు బయటపడేట్టు వెయ్యాలి. చూపించాక పాత మడత మీదే మడవాలి, లేకపోతే జరీ విరుగుతుంది. ఆమె ఒక కొంగు పరుస్తూ ఉండగా రోహన్ కూర్చునే గాజుగది తలుపు తెరుచుకుంది. అతను లోపల కెమెరాలో చూసి వచ్చాడు.

"తిలగం, కాళ్ళు నొప్పా?" అని అడిగాడు, చాలా మెత్తగా.

తిలగం చటుక్కున లేచింది. "రెండు నిమిషాలే సార్."

"నొప్పి ఎట్టుంటుందో నేను చూపిస్తా. ఈ వారమంతా నీకు కౌంటర్ లేదు. డోర్ దగ్గర నిలబడు. వచ్చే ప్రతి కస్టమర్‌కీ చేతులు జోడించు. కూర్చోవాలని బుద్ధి పుడితే అప్పుడు నన్ను తలుచుకో."

తిలగం వాకిట్లోకి నడిచింది. అద్దాల తలుపు పక్కన, బయటి ఎండ కాళ్ళమీద పడేచోట నిలబడి చేతులు జోడించింది. చిన్నప్పుడు బళ్ళో పలక పగలగొట్టినదాన్ని తలుపు దగ్గర నిలబెట్టేవాళ్ళు. మంగళకి అదే గుర్తొచ్చి ఒళ్ళు మండిపోయింది. పెళ్ళివారి పెద్దావిడ "ఇంకొకటి చూపించమ్మా" అంటోంది. మంగళ ఇంకొకటి విప్పింది. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి, కళ్ళు మాత్రం తలుపు దగ్గరే ఉన్నాయి.

కొట్టు మూసే వేళకి తిలగం చెప్పుల్లో కాళ్ళు పట్టలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని బస్టాండుకి నడిచింది.

మర్నాడు తిలగం మళ్ళీ తలుపు దగ్గర నిలబడింది. మంగళ తిండి వేళ స్టోర్‌రూములోకి పోయి ఫోను తీసింది. కొట్టువాళ్ళందరికీ ఒక వాట్సాప్ గ్రూపు ఉంది, దాని పేరు 'వేదవల్లి కుటుంబం'. మంగళకి తెలుగు మాట్లాడడం తప్ప రాయడం రాదు, అరవం అక్షరాలు కూడబలుక్కుంటుంది. అందుకని గొంతే పంపింది.

"సార్, మంగళ మాట్లాడతా ఉండా. మేమెవరమూ గొడవకి రాలేదు. జనం లేనప్పుడు కూర్చునేదానికి కౌంటర్ వెనక స్టూళ్ళు వేయించండి. ముందు తిలగక్కని వాకిట్లో నించి లోపలికి పిలవండి. ఆ వయసు మనిషిని అట్ట నిలబెట్టేది తప్పు సార్."

దాని కింద ఒకరి తరవాత ఒకరు చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. అందరూ కాదు. పెట్టినవాళ్ళు చాలామందే. కాసేపటికి రోహన్ దగ్గర్నించి ఇంగ్లీషులో ఒకే ఒక మాట వచ్చింది. దాన్ని చూడగానే, పెట్టిన బొమ్మలు ఒక్కొక్కటీ మాయమవడం మొదలైంది. మాటకి అర్థం ఎవరికీ తెలియదు, కోపం మాత్రం అందరికీ అర్థమైంది.

వెట్రివేల్ వచ్చి గొంతు తగ్గించి చెప్పాడు. "శనివారం పొద్దున మీటింగులో అందరి ముందర సారీ చెప్పాలంట నువ్వు. చెప్పకపోతే ఆదివారం నించి రావద్దన్నాడు. నేను కాదక్కా, ఆయనే అన్నాడు."

"ఆ మాటకి అర్థమేంది వెట్రి?"

"నాకేం తెలుసు. తిట్టే అయ్యుంటుంది."

మంగళ మురుంగపాక్కంలో ఇల్లు చేరేసరికి మొగుడు మునుసామి వాకిట్లో సైకిలు తుడుస్తున్నాడు. నీళ్ళ పంపుల దగ్గర సర్కారు ఉద్యోగం అతనిది. సంగతంతా విని, గుడ్డ పిండుకుంటూ, "సారీనే గదా. ఒక మాట అనేసి రా. నోరేమీ అరిగిపోదు" అన్నాడు.

"తిలగక్క కాళ్ళు నువ్వు చూడలా."

"చూడలా. నీ కాళ్ళు చూస్తా ఉండా గదా దినామూ. ఉద్యోగం పోతే ఇంకో కొట్లోనైనా నిలబడేదే గదే."

అది నిజమే కాబట్టి మంగళకి ఇంకా ఎక్కువ మండింది. ఫోను పట్టుకుని పక్కింటి పెరుమాళ్ తాత దగ్గరికి పోయింది. ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళు ఏలిన ఊరు అది. తాత వయసులో ఉండగా వాళ్ళ పటాలంలో పనిచేసి వచ్చి, వాళ్ళిచ్చే పింఛను మీద బతుకుతున్నాడు. తిన్నెమీద కూర్చుని వేరుశనక్కాయలు వలుచుకుంటున్నాడు. మంగళ చూపించిన మాటని ఫోను దూరంగా పెట్టుకుని చదివాడు.

"ప్యూరైల్. మా ఫ్రెంచిలోనూ ఉండాది, ప్యుయెరీల్ అంటారు. పిల్లచేష్ట అని అర్థం. పెద్దోళ్ళు పసిపిల్లోళ్ళ మాదిరి ఆడితే అట్ట అంటారు. నిన్నా అన్నాడు?"

"మమ్మల్ని అందర్నీ."

తాత ఒక గింజ నోట్లో వేసుకుని నమిలాడు. "ఇది లాటిన్ నించి వచ్చిన మాట. బళ్ళో మా చర్చి ఫాదర్ బెత్తంతో నేర్పించినాడు, యాడ మరిచిపోతా. పూయెర్ అంటే మగపిల్లోడు. ఆ రోము దొరలు ఇండ్లల్లో పనిజేసే బానిసని గూడా పూయెర్ అనే పిలిచేవాళ్ళంట. వాడికి నెత్తి నెరిసినా, పండ్లూడినా పిల్లోడే. మా నాయన సైగాన్‌లో ఒక ఫ్రెంచి దొర ఇంట్లో వంట జేసేవాడు. ఆ దొర పెండ్లాం మా నాయనకంటే చిన్నది. చచ్చేదాకా మా నాయన్ని 'బోయ్' అనే పిలిచింది. పేరు అడగనే లేదు."

"మీ నాయన ఏమనేవాడు తాతా?"

"ఏమంటాడు. పలికేవాడు."

మంగళ ఇంటికొచ్చి అన్నం కలుపుకుంది. వరసలో నిలబెట్టి పాట పాడించింది ఎవరు, గోడమీద నక్షత్రాలు అంటించింది ఎవరు, మెళ్ళో బిళ్ళ వేసి బాత్రూముకి పంపింది ఎవరు, యాభై అయిదేళ్ళ మనిషిని తలుపు దగ్గర నిలబెట్టింది ఎవరు. ఇవన్నీ చేసినవాడికి పిల్లచేష్ట అన్న పేరు తట్టలేదు. కాళ్ళు నొస్తున్నాయి, కూర్చుంటామంటే తట్టింది. పళ్ళెం పక్కకి జరిపి చెయ్యి కడిగేసుకుంది.

బుధవారం పొద్దున్నే ఆమె పెద్ద మొదలాళి దగ్గరికి పోయింది. రోహన్ తండ్రి సీతాపతి ముందు వైపు గల్లాపెట్టె దగ్గర, పాత తేకు కుర్చీలో కూర్చుంటాడు. కొట్టంతా మార్చినా ఆ కుర్చీని మాత్రం మార్చనివ్వలేదు. ఎన్నో ఏళ్ళుగా మంగళని పేరు పెట్టి పిలుస్తాడు. మంచివాడు. పండక్కి చీర పెడతాడు, ఇంట్లో జబ్బుచేస్తే అడుగుతాడు.

"మొదలాళీ, తిలగక్కని చూస్తా ఉండారు గదా. మూడో దినం."

సీతాపతి తలుపు వైపు చూడలేదు. "చూస్తానే ఉండా మంగళా."

"చూస్తా ఊరికే ఉంటే ఎట్ట?"

"వాడు కొత్తగా ఏందేందో జేస్తా ఉండాడు. అడ్డం పడితే అలుగుతాడు. పెండ్లి గూడా పెట్టుకున్నాం. వాడి మాట నువ్వు మనసులో పెట్టుకోవాకు." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "చిన్నపిల్లోడు మంగళా. నువ్వే పెద్దదానివి, నువ్వే సర్దుకోవాల. ఒక సారీ చెప్పేసేయ్."

మంగళకి అరికాలి మంట నెత్తికెక్కింది. రోహన్ ఏం చేసినా చెల్లిపోవడానికి అతను చిన్నపిల్లవాడు. తిలగం ఏం చేసినా శిక్ష పడడానికి తిలగం చిన్నపిల్ల. ఈ కొట్లో చిన్నతనం కూడా ఒకరికి ముద్దుగా, ఒకరికి దెబ్బగా పంచిపెట్టి ఉంది. ఆ మాట ఆయన మొహానే అనేద్దామని నోటిదాకా వచ్చింది. ఎవరో కొనేవాళ్ళు లోపలికొచ్చారు, తిలగం చేతులు జోడించింది. సీతాపతి "రండి రండి" అంటూ నవ్వు మొహం పెట్టాడు. మంగళ తన కౌంటరుకి పోయింది.

గురువారం తిలగం గోడకి వీపు ఆనించుకుంటే, గోడ మురికవుతుందని వెట్రివేల్ చేత చెప్పించాడు రోహన్. నీళ్ళివ్వడానికి పోయిన మంగళతో తిలగం, "నువ్వు సారీ చెప్పేయ్ మంగళా. నాకోసం నీ పని పోగొట్టుకోవాకు. నేను ఈ వారం ఎట్టో నిలబడేస్తా" అంది. ఆ మాటలు అంటున్నప్పుడు కూడా తిలగం చేతులు జోడించే ఉన్నాయి. దించడం మరిచిపోయింది.

శుక్రవారం రోహన్ పెళ్ళిచీరలు తీసే రోజు.

సొంత కొట్టే అయినా ఆ ఇంటివాళ్ళు, పెళ్ళికూతురు పీటలమీద కట్టే ముహూర్తం పట్టు ఊరికే బీరువాలోంచి తీసుకోరు. అందరిలాగే వచ్చి చూసి తీసుకుంటారు. రాహుకాలం రాకముందే ముగించాలని పొద్దున్నే రెండు కార్లలో దిగారు. ముందుగా సీతాపతి తల్లి వేదవల్లమ్మ. ఎనభై దాటినావిడ, కొట్టుకి పెట్టిన పేరు ఆవిడదే. వెనక పెళ్ళికూతురు కౌముది, ఆమె తల్లి. తిలగం తలుపు దగ్గర చేతులు జోడించింది. వేదవల్లమ్మ ఆమెని పరాగ్గా చూసి లోపలికి నడిచింది.

ఇంటినుంచి తెచ్చిన కోరచాపని కారు డ్రైవరు విప్పాడు. ఎర్రపట్టు అంచు కుట్టిన పాత చాప. కౌంటర్ల మధ్య ఉన్న ఎత్తు కుర్చీలని పక్కకి లాగించి, చాపని తూర్పు ముఖంగా పరిపించింది వేదవల్లమ్మ.

"మంగళ యాడ?"

వెట్రివేల్ తడబడుతూ రోహన్ వైపు చూశాడు. రోహన్, "అవ్వా, వేరే స్టాఫ్ ఉన్నారు, వాళ్ళు చూపిస్తారు" అన్నాడు.

"నా కూతుళ్ళకీ, నా మనవరాళ్ళకీ మంగళే తీసింది. నీ పెండ్లానికి వేరే వాళ్ళెందుకు?"

మంగళ చీరల దొంతర రెండు చేతులమీదా ఎత్తుకుని వచ్చింది. ముదురెరుపు అరక్కు రంగుది, మామిడిపండు రంగుది, ఆకుపచ్చ అంచుది. చాప దగ్గరికి వచ్చి ఆగింది. అందరూ చుట్టూ నిలబడి ఉన్నారు. ఆ ఇంటివాళ్ళు ఆమె కూర్చోవడం కోసం చూస్తున్నారు.

"కూర్చో మంగళా" అంది వేదవల్లమ్మ.

"మీరు కూర్చోండి పెద్దమ్మా. నేను నిలబడే చూపిస్తా."

"ఏంది?"

కౌముది పాపం తెలియక చాపమీద కూర్చోబోయింది. వేదవల్లమ్మ ఆమె మోచెయ్యి పట్టుకుని ఆపింది. "మనం ముందు కూర్చోకూడదమ్మా. ఇది మా ఇంటి ఆనవాయితీ. మా మామగారి తాత నెత్తిన చీరల మూట పెట్టుకుని బాహూరు దాకా నడిచి అమ్మేవాడు. అందరూ వాకిట్లోనే నిలబెట్టి బేరం చేసేవాళ్ళు. ఒక ఇంట్లో పెండ్లి. ఆ ఇంటామె చాప వేసి, నడిచి నడిచి వచ్చినావు, ముందు నువ్వు కూర్చో నాయనా, మూట తరవాత విప్పుదువు, అనింది. ఆయన మొదటి పెండ్లిచీర అమ్మింది ఆ ఇంట్లోనే. అప్పుడు నించీ మా ఇంట్లో ముహూర్తం పట్టు తీస్తే, చీర తెచ్చిన మనిషి కూర్చునేదాకా కొనేవాళ్ళు కూర్చోరు." మంగళ వైపు తిరిగింది. "నీకు తెలుసు గదా. కూర్చో, రాహుకాలం వచ్చేస్తా ఉండాది."

"తెలుసు పెద్దమ్మా. కానీ ఇప్పుడీ కొట్లో మాకు కూర్చునేది తప్పు. కూర్చునిందని తిలగక్కని సోమవారం నించి వాకిట్లో నిలబెట్టినారు. ఇప్పుడు మీరు లోపలికి వచ్చేటప్పుడు దండం పెట్టింది గదా, ఆమే."

రోహన్ దగ్గరికొచ్చి పళ్ళు బిగించి, "మంగళా, ఫ్యామిలీ ఫంక్షన్ ఇది. సీన్ చెయ్యకు. కూర్చో" అన్నాడు.

"మాకు అలవాటైపోయింది సార్. మీరు కూర్చోండి."

కూర్చునే వీలు ఎవరికీ లేదు. అదే అక్కడి చిక్కు. పక్కనే మెత్తటి కుర్చీలున్నా, చాప పరిచాక కుర్చీ ఎక్కితే ముసలావిడ ఊరుకోదు. అందరూ చాప చుట్టూ నిలబడ్డారు. కాసేపటికి కౌముది తల్లి ఎత్తుమడమల చెప్పుల్లో బరువు ఈ కాలినుంచి ఆ కాలికి మార్చుకుంది. సీతాపతి కౌంటరు అంచు పట్టుకున్నాడు. రోహన్ గడియారం చూసుకున్నాడు, మళ్ళీ చూసుకున్నాడు, నడుం మీద చేతులు పెట్టుకుని వెనక్కి విరుచుకున్నాడు. మంగళ చేతులమీద చీరల బరువు లాగేస్తోంది. అయినా దించలేదు. వాళ్ళ కాళ్ళ వంకే చూస్తూ నిలబడింది. ఆమెకి జాలి కలగలేదు. ఇంకొంచెంసేపు నిలబడితే బాగుండుననే అనిపించింది.

వేదవల్లమ్మ మోకాళ్ళు వణకడం మొదలైంది. చేతికర్ర నేలమీద టకటకలాడింది.

"రోహన్, పోయి ఆమెని పిలుచుకుని రా."

"అవ్వా, ఇది షాపు డిసిప్లిన్ మ్యాటర్. నువ్వు ఇందులో..."

"నా కాళ్ళు నొస్తా ఉండాయి రా."

ఆ మాటకి అతని దగ్గర ఇంగ్లీషు లేదు. తలుపు దాకా నడిచి వెళ్ళాడు. ఏం చెప్పాడో వినబడలేదు, తిలగం భయపడుతూ అతని వెనక వచ్చింది. మంగళ ఆమెతో "ముందు నువ్వు కూర్చో అక్కా" అంది. తిలగం అందరి మొహాలూ చూసింది. వేదవల్లమ్మ తలూపింది. తిలగం కౌంటరు పట్టుకుని, ఒక మోకాలు వంచి, రెండోది వంచలేక చాచి, చాపమీద కూలబడినట్టు కూర్చుంది. ఆమె నోట్లోంచి "అమ్మా" అని చిన్న ఊపిరి వచ్చింది. తరవాత మంగళ కూర్చుంది. తరవాతే పెళ్ళివారు.

మంగళ అరక్కు రంగు చీర ఒళ్ళో పెట్టుకుని విప్పింది. కొంగు కౌముది ఒళ్ళోకి జారేట్టు వేసింది. పిల్ల దాన్ని తడిమి చూసి కళ్ళెత్తలేదు. ఇంకో రెండు చూపించినా చెయ్యి దానిమీదే ఉంది. రాహుకాలం లోపలే పసుపు కుంకుమ పెట్టి తీసేసుకున్నారు.

లేచేటప్పుడు వేదవల్లమ్మ, "వీళ్ళకి కూర్చునేదానికి ఏమన్నా వెయ్యరా" అంది మనవడితో. అంతకంటే ఏమీ అనలేదు, తిలగాన్ని ఏమీ అడగలేదు కూడా. చీర దొరికింది, ఆవిడ పని అయిపోయింది.

"రేపే వేయిస్తా అవ్వా" అన్నాడు రోహన్. నవ్వుతూ అన్నాడు. ఆ నవ్వు మంగళకి నచ్చలేదు.

శనివారం పొద్దున తలుపు తెరిచేసరికి కౌంటర్ల ముందు వరసగా కుర్చీలున్నాయి. ఎరుపు, పసుపు, నీలం ప్లాస్టిక్ కుర్చీలు. వీపు దగ్గర కుందేలు బొమ్మలు, ఏనుగు బొమ్మలు. బాలవాడిలో పసిపిల్లలు కూర్చునేవి. మోకాలు ఎత్తు కూడా లేవు.

రోహన్ ఫోను పట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు. గల్లాపెట్టె దగ్గర సీతాపతి తేకు కుర్చీలో కూర్చుని తల వంచుకుని ఏదో సర్దుకుంటున్నాడు.

"అడిగారు, ఇచ్చా. మీ మెసేజ్ చూసి, మీకు సరిపడే సైజు ఎంచి మరీ తెప్పించా. కూర్చోండి, ఫోటో తీసి అవ్వకి పంపించాలి. ఆ తరవాత మంగళ సారీ చెబుతుంది."

ఎవరూ కదల్లేదు. "తిలగం, నువ్వేగా ముందు" అన్నాడు. తిలగం భయానికి ఒక పసుపు కుర్చీ దగ్గరికి పోయి, వెనక్కి చూసుకుంటూ కిందికి కిందికి వంగింది. సీటు తగిలేలోపే పట్టు తప్పింది. కుర్చీ పక్కకి తిరిగింది, తిలగం నేలమీద పడింది. రోహన్ నవ్వాడు. వెట్రివేల్ కూడా నవ్వబోయి, మంగళ మొహం చూసి మానుకున్నాడు. తిలగం లేవడానికి చూసింది. కాళ్ళు లేవనివ్వలేదు. ఆమె పాదాలు నేలమీద అటూ ఇటూ జారాయి. చీర చెదిరి, నీలంగా ఉబ్బిన పిక్కలు అందరికీ కనబడ్డాయి.

మంగళ వెళ్ళి చంకలకింద చేతులు వేసి ఆమెని లేపి నిలబెట్టింది. చీర సర్దింది. తరవాత ఆ పసుపు కుర్చీని ఒక చేత్తో ఎత్తుకుని, వరస దాటి, రోహన్‌ని దాటి, గల్లాపెట్టె దగ్గరికి పోయింది. తేకు కుర్చీ పక్కన, దానికి ఆనించి పెట్టింది. కుందేలు బొమ్మ బయటికి కనబడేట్టు తిప్పింది.

"ఇది మీ చిన్నపిల్లోడికి మొదలాళీ. మీరే గదా చెప్పినారు, వాడు చిన్నపిల్లోడని. మాలో ఎవరికీ ఇది పట్టదు. మేం పెద్దోళ్ళం."

సీతాపతి ఆ కుర్చీ వైపు చూశాడు. తరవాత తిలగం వైపు చూశాడు. వారంలో ఆమెని సూటిగా చూడడం అదే మొదటిసారి.

"మంగళా" అన్నాడు రోహన్, గొంతు ఒక మెట్టు పైకి పోయింది. "బయటికి పో. ఇప్పుడే."

"పోతా సార్. మీ నాయన చెప్పమనండి, పోతా."

రోహన్ తండ్రి వంక చూశాడు. "నాన్నా, చెప్పు" అన్నాడు. సీతాపతి చెప్పలేదు. "నాన్నా" అన్నాడు మళ్ళీ, కాలు నేలకేసి తన్ని. ఆ చప్పుడుకి వరసలో ఎవరో ఫక్కున నవ్వి నోరు మూసుకున్నారు. సీతాపతి కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు, ఇక పెట్టుకోలేదు.

మంగళ గాజుగదిలోకి పోయింది. మిల్లు ఏజెంట్లు వస్తే కూర్చోబెట్టే మెత్తటి కుర్చీలు రెండున్నాయి అక్కడ. ఒకదాని తరవాత ఒకటి బయటికి లాక్కొచ్చి, తన కౌంటరు వెనక పక్కపక్కన వేసింది. ఒకదానిమీద తిలగాన్ని కూర్చోబెట్టింది. రేపు ఈ పని ఉంటుందో ఉండదో ఆమెకి తెలియదు. ఇంటికి పోయాక మునుసామి ఏమంటాడో తెలుసు.

ఆ పొద్దున గుడ్ మార్నింగ్ ఎవరూ చెప్పలేదు. వరస దానంతటది విడిపోయింది. ఒకామె మేకుకున్న చెక్కబిళ్ళ దగ్గరికి పోయి, దాన్ని ముట్టుకోకుండానే బాత్రూముకి పోయింది.

అద్దాల తలుపు తెరుచుకుంది. ఒక తల్లీ కూతురూ లోపలికొచ్చి, చేతులు జోడించే మనిషి లేకపోవడంతో ఎటు పోవాలో తెలియక ఆగారు. మంగళ అరలోంచి ఒక చీర తీసి, మడత అంచు బొటనవేలితో పట్టుకుంది. తిలగం పక్కన ఉన్న రెండో కుర్చీలో ముందు తను కూర్చుంది. తరవాత వాళ్ళ వైపు చూసి, "రండమ్మా, కూర్చోండి" అంది.